వహాకా మేస్త్రీలు

గోడ కట్టేవాణ్ణి మనం మేస్త్రీ అంటాం కదా, ఆ మాట మనకు పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చింది. దానికి స్పానిష్‌లో తోబుట్టువు ‘మాయెస్త్రో’. మెక్సికోలో బడిపంతుల్ని అలాగే పిలుస్తారు. ఈ సాయంత్రం ఆ మేస్త్రీల కథ చెబుతాను.

మెక్సికో దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. కొండలు, మొక్కజొన్న చేలు, జపోతెక్, మిక్స్‌తెక్ లాంటి ఆదివాసీ జనం. అక్కడి టీచర్ల సంఘం పేరు సెక్షన్ 22. 2006లో సభ్యులు సుమారు 70,000 మంది. ఏటా మే నెలలో రాష్ట్ర రాజధాని నడిబొడ్డున గుడారాలు వేసుకుని బైఠాయించడం వాళ్ళకు రివాజు. ఉన్నమాట చెప్పాలంటే ఊళ్ళోవాళ్ళకు అది విసుగే. బడులు మూత, బేరాల్లేవని కొట్లవాళ్ళ సణుగుడు. 2006 మే 22న కూడా అలాగే మొదలైంది. జీతాలు పెంచమన్నారు. బడిపిల్లలకు పొద్దుటి ఫలహారం, బూట్లు, యూనిఫారాలు కూడా ఇమ్మన్నారు.

జూన్ 14న తెల్లవారకముందే గవర్నర్ ఉలిసెస్ రూయిస్ పోలీసుల్ని పంపాడు. హెలికాప్టర్‌లోంచి బాష్పవాయువు గోళాలు రాలాయి. గుడారాల్లో నిద్రపోతున్నవాళ్ళు చెల్లాచెదురయ్యారు. సంఘం నడుపుకుంటున్న రేడియోను ధ్వంసం చేశారు. అయినా కొన్ని గంటల్లోనే పంతుళ్ళు ఆ చోటును మళ్ళీ పట్టుకున్నారు. నిన్నటిదాకా విసుక్కున్న ఊరు ఈసారి వాళ్ళ పక్కన నిలబడింది. నన్నడిగితే ఆ ప్రజా ఉద్యమానికి మంత్రసాని పంతుళ్ళు కాదు, ఆ గవర్నరే.

మూడు రోజులకే ‘ఆప్పో’ అనే ప్రజాసభ ఏర్పడింది. గవర్నర్ దిగిపోవాలన్నదే దాని మొదటి మాట. ఈ సభ పద్ధతి ఎవరి పుస్తకంలోంచో తెచ్చుకున్నది కాదు. వహాకా పల్లెల్లో జనమంతా ఒకచోట కూర్చుని ఊరి సంగతులు తేల్చుకుంటారు. రోడ్డో బడో కట్టాలంటే తలా ఒక చెయ్యి వేస్తారు, దాన్ని ‘తెకియో’ అంటారు. ఆ పల్లెల్లో పాఠం చెప్పిన పంతులుకు ఆ కూర్చోవడం కొత్త కాదు. ప్రతి కొండవాడకూ, రాజధానికీ మధ్య దారప్పోగులా ఉన్నది అతనే.

ఆగస్టు 1న వేలాది ఆడవాళ్ళు గిన్నెలు, గరిటెలు మోగించుకుంటూ రోడ్డెక్కారు. ప్రభుత్వ టీవీ, ఛానెల్ 9 ఆఫీసుకు వెళ్ళి, మా మాట కాసేపు చెప్పనివ్వండి అని అడిగారు. కుదరదన్నారు. అయితే మేమే నడుపుకుంటామని అక్కడే కూర్చున్నారు! మూడు వారాలు నడిపారు కూడా. ఆగస్టు 21న ఆయుధాలతో వచ్చినవాళ్ళు ప్రసార యంత్రాలను తుపాకులతో కాల్చి పాడుచేస్తే, ఆడవాళ్ళూ వాళ్ళ తోటివాళ్ళూ ప్రైవేటు రేడియో స్టేషన్లను పట్టుకున్నారు. వాటిని కాపాడుకోవడానికే రాత్రిళ్ళు వీధి వీధినా అడ్డుకట్టలు లేచాయి.

అక్టోబరు చివర్లో టీచర్ల సంఘం బడులకు తిరిగి వెళ్ళడానికి ఒప్పుకుంది. అడ్డుకట్టల దగ్గర రాత్రిళ్ళు కాపలా కాసినవాళ్ళలో చాలామంది దాన్ని ద్రోహమన్నారు. నేను ఆ మాట అనలేను. పిల్లల చదువు ఆగి అయిదు నెలలైంది మరి. అక్టోబరు 27న కాల్పులు జరిగాయి, చనిపోయినవాళ్ళలో ఒక అమెరికా పాత్రికేయుడూ ఉన్నాడు. 29న కేంద్ర పోలీసులు నగరంలోకి దిగారు. నవంబరు ముగిసేసరికి ఉద్యమం అణిగింది.

రూయిస్ కుర్చీ దిగలేదు, పదవీకాలం పూర్తిగా ఏలాడు. 2010 ఎన్నికల్లో మాత్రం, ఎనభయ్యేళ్ళుగా వహాకాను చేతిలో పెట్టుకున్న ఆయన పార్టీ ఓడిపోయింది.

ఇక మీరు అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.