నలుగురిలో వర్తకుని మాట

సంతోష్‌నగర్‌లో నూతనముగా అంగడి తెరచిన యొక దర్జీని ఊహింపుడు. పత్రికలో ప్రకటనమిచ్చు స్తోమతు ఆతనికి లేదు. కాని ఇరుగుపొరుగువారు కష్టసుఖములు ముచ్చటించుకొను వాట్సాప్ బృందములు చేతిలోని సెల్‌ఫోనులోనే యున్నవి. ఇరానీ హోటలులో తేనీటి బల్లచుట్టు జరుగు గోష్ఠివంటిదే యిదియు. అందు ప్రవేశించుట సులభము. మన్నన పొందుట కష్టము.

దినమునకు మూడు పర్యాయములు తన అంగడి పేరు చాటువానిని జనులు విసుగుకొందురు. కొనుగోలుదారు వేషమున తన్ను తానే పొగడుకొనువాడు అంతకంటె చెరుపు తెచ్చుకొనును. గుట్టు బయటపడిననాడు, అతడు చక్కగా కుట్టిన బట్టనుగూడ ఎవరును నమ్మరు. ప్రకటనలలో సొమ్ము పుచ్చుకొని సరకును మెచ్చుకొనువారు ఆ సంబంధమును వెల్లడింపవలెనని 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది.

మరి చేయదగినదేమి? నూలుగుడ్డను కుట్టుటకు ముందు తడుపవలెనా యని ఎవరైన అడిగినపుడు, అది ఉదికిన పిమ్మట కుదించుకొనును గనుక తడిపి ఆరవేయుట మేలని చెప్పవలెను. తాను దర్జీననియు దాచక పలుకవలెను. కొలత తప్పినదని ఒకరు నలుగురిలో అన్నచో, నలుగురిలోనే ఒప్పుకొని సరిదిద్దవలెను. నోరు మంచిదైన ఊరు మంచిదగునను సామెత అంగడికిని చెల్లును.