ఇంటికో సైకిల్ – ఎంపికలో నేను చేసిన తప్పులు

(పుణెలో ఉగాది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ‘పదవీ విరమణ తర్వాత ఆరోగ్యం’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ విషయం చెప్పడానికి మన సంఘంలో డాక్టర్లున్నారు. నేను ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా 24 ఏళ్లు పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది బండి. అందుకని, “సార్, నేను సైకిల్ గురించి మాట్లాడతాను” అన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు.

ఎందుకు సైకిలంటే, మొన్న దీపావళి తర్వాత మా అమ్మాయి ఫోన్ చేసింది. అల్లుడు కూడా ఫౌజీయే. “నాన్నా, ఆయన ఫీల్డ్‌కు వెళ్తున్నారు. నేనూ పిల్లాడూ ఎస్.ఎఫ్. క్వార్టర్స్‌లో ఉంటాం. స్కూలు, క్యాంటీను, కూరగాయలు, అన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపే. ఒక సైకిల్ కొనుక్కుందామనుకుంటున్నాను. ఏది కొనమంటావు?” అని అడిగింది. ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేస్తే అయిపోయేది. కానీ నోట మాట రాలేదు. “రేపు చెప్తానమ్మా” అని ఫోన్ పెట్టేశాను. ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే 1994కి వెళ్లాలి.

అప్పుడు నేను ఫీల్డ్‌లో ఉన్నాను. మా ఆవిడ, నాలుగేళ్ల మా అమ్మాయి ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో ఎస్.ఎఫ్. క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. వరండాలో నా సైకిల్ ఉండేది. నల్లది, 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. ఆ రోజుల్లో హీరో, అట్లాస్, హెర్క్యులెస్, ఏవన్ – పేరు ఏదైనా రూపం ఒకటే. వెళ్లే ముందు నూనె పెట్టి, తుడిచి, “ఇంట్లో బండి ఉంది, నీకేం భయం లేదు” అని చెప్పి మరీ వెళ్లాను.

ఒక రాత్రి పాపకు జ్వరం బాగా ఎక్కువైంది. పక్కింటి స్కూటరాయన ఊళ్లో లేడు. మా ఆవిడ ఎత్తు అయిదడుగులు. చీర కట్టుకుని ఆ అడ్డకడ్డీ మీదుగా కాలు వేయడం కాని పని. వేసినా కాలు నేలకందదు. పాపను భుజాన వేసుకుని ఎం.ఐ. రూమ్ దాకా మూడు కిలోమీటర్లు చీకట్లో నడిచింది. ఈ సంగతి నాకు ఇన్‌లాండ్ లెటర్‌లో తెలిసింది. అంతా రాసి, చివర్లో, “పాపకు తగ్గింది. మీ సైకిల్ వరండాలో క్షేమంగా ఉంది” అని రాసింది.

ఆ ఉత్తరం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ సైకిల్లో లోపమేమీ లేదండీ. లోపం నాది. ఇంటికోసం అనుకుంటూ నాకోసం కొన్నాను.

ఆ నల్ల సైకిల్‌ను నేను తక్కువ చేయడం లేదు. బియ్యం బస్తా వేసినా, పాలక్యాన్లు కట్టినా మోస్తుంది. సైనిక చరిత్ర చదివినవాళ్లకు తెలుసు – 1941 డిసెంబరులో మలయాలో దిగిన జపాన్ సేన సైకిళ్ల మీద దక్షిణానికి దూసుకొచ్చింది. టైర్లు పాడైతే ఉత్త రిమ్ముల మీదే తొక్కుకుంటూ వచ్చారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. 1954లో దియన్ బియన్ ఫు దగ్గర వియత్నాం వాళ్లు సైకిల్ మీద 200 కిలోలకు పైగా సామాను వేసి కొండదారుల్లో నెట్టుకెళ్లారు. గమనించండి, తొక్కలేదు, నెట్టారు. హ్యాండిల్‌కు వెదురు కర్ర కట్టి పొడవు చేసుకున్నారు. చేయాల్సిన పనేమిటో ముందు చూసుకుని, దానికి తగ్గట్టు బండిని మార్చుకున్నారు. నేను చేయనిది అదే.

పోనీ ఒకసారితో బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. 2006లో రిటైరై ఇక్కడ పుణెలో స్థిరపడ్డాం. ఒకప్పుడు సైకిళ్ల నగరమని పేరుపడ్డ ఊరు కదా అని 2008లో ఇంకో సైకిల్ కొన్నాను. ఈసారి లావు టైర్లు, ముందూ వెనకా షాకబ్జార్బర్లు, 21 గేర్లు. చూడ్డానికి మోటార్ సైకిల్‌లా ఉండేది. మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు, చైన్ కవరు లేదు. వానాకాలంలో మార్కెట్‌కు వెళ్తే వీపు మీద బురద చార. కూరగాయల సంచీ హ్యాండిల్‌కు తగిలిస్తే మోకాలికి కొట్టుకునేది. ఆర్నెల్లకు అది బట్టలారేసుకునే స్టాండయింది. ఇక్కడ నవ్వుతున్నవాళ్ల ఇళ్లలో కూడా అలాంటిది ఒకటి ఉందని నాకు తెలుసు.

మూడోసారి, 2013లో, మా ఆవిడ తనే కొనుక్కుంది. షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద వారంలో తను ఎక్కడెక్కడికి వెళ్తుందో, ఏం మోసుకొస్తుందో రాసుకుంది. పాలు, కూరలు, మందులు, గుడి, సాయంత్రం ఊరికే కాసేపు తిరగడం. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఒక్కో బండిని చూసింది. నేను పక్కన నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాను. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. కొన్నాక తొక్కడం నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ సైకిల్ ఈ రోజుకీ నడుస్తోంది. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది సగం నా మెకానిక్ విద్య, సగం ఆమె కాగితం.

మొదటిది ఫ్రేము. ఎక్కేవాళ్లు చీరలోనో పంజాబీ డ్రెస్సులోనో ఉంటే, లేక మన వయసులో మోకాళ్లు పట్టేస్తుంటే, అడ్డకడ్డీ లేని ఫ్రేము తీసుకోండి. అది ఆడవాళ్ల సైకిలని మగవాళ్లు మొహమాటపడక్కర్లేదు. వెనక క్యారియర్ మీద సామాను ఉన్నప్పుడు కాలు వెనక్కి తిప్పి ఎక్కడం ఎవరికైనా కష్టమే. అడ్డకడ్డీ ఉన్నది కావాలంటే, నేల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడినప్పుడు కడ్డీకీ మీకూ మధ్య కనీసం ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే సైకిలైతే పొట్టివాళ్లకు సరిపోయే ఫ్రేము కొని, పొడుగువాళ్లకు సీటు పెంచుకోవాలి. సీటు పెంచవచ్చుగానీ ఫ్రేమును తగ్గించలేం కదా.

సీటు ఎత్తు చూడడం తేలిక. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. మోకాళ్ల నొప్పులని సైకిల్ మానేసినవాళ్లలో చాలామంది సీటు మరీ కిందకు పెట్టుకుని తొక్కినవాళ్లే. సీటు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటకు కనబడేంత పైకి లాగకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం రెండు పాదాలూ నేలకానేలా కిందకు పెట్టుకుని, బ్యాలెన్స్ వచ్చాక కొద్దికొద్దిగా పెంచుకోండి.

రెండోది చక్రం. షాపువాళ్లు 26 అంటారు, 28 అంటారు. ఆ అంకెల్ని నమ్మకండి. 26 అని పిలిచే టైర్లలోనే 559, 584, 590 అని వేర్వేరు కొలతలున్నాయి. ఒకదాని రిమ్ముకు ఇంకోదాని టైరు ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-590 అనో 47-559 అనో ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఆ నంబరు డైరీలో రాసుకోండి. పోస్టింగు మీద ఇంకో ఊరు వెళ్లినప్పుడు టైరు కొనాలంటే అదే పనికొస్తుంది. ఇంటి పనులకూ, సాయంత్రం షికారుకూ 35 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు చాలు. అంతకన్నా సన్నమైతే గుంతల్లో రిమ్ము దెబ్బతింటుంది, మరీ లావై గళ్లుంటే తారు రోడ్డు మీద బరువుగా లాగుతుంది.

షాకబ్జార్బర్లు వద్దనే నా సలహా. తక్కువ ధర బండ్లలో అవి బరువు పెంచుతాయి, తొక్కే బలంలో కొంత మింగేస్తాయి, పాడైతే బాగుచేసేవాడు దొరకడు. టైర్లలో సరైన గాలి, కాస్త వెడల్పు సీటు ఉంటే మన రోడ్లకు సరిపోతుంది.

మూడోది బ్రేకులు. పాత స్టీలు రిమ్ములు తడిస్తే రబ్బరు పట్టు బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో బడి పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అల్యూమినియం రిమ్ముల మీద వి-బ్రేకులు బాగా పట్టుకుంటాయి, ఏ ఊళ్లోనైనా రబ్బర్లు దొరుకుతాయి. డిస్కు బ్రేకులు మంచివేగానీ చక్కగా సెట్ చేసేవాడు దగ్గర్లో ఉంటేనే తీసుకోండి. లీవరు మీ వేళ్లకు అందుతోందా లేదా చూడండి. చిన్న చేతులవాళ్లకు అందేలా లోపలికి తెచ్చే స్క్రూ చాలా లీవర్లకు ఉంటుంది.

నాలుగోది గేర్లు. చదునైన కంటోన్మెంటులో గేర్లు లేకపోయినా నష్టం లేదు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే ఒకసారి తొక్కితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. వెనక 22 పళ్లది వేయిస్తే సరిగ్గా రెండు చుట్లు. వేగం తగ్గుతుంది, మోకాళ్లకు హాయి. చిన్న ఖర్చుతో అయ్యే పని. ఎత్తుపల్లాలున్న ఊరైతే వెనక మాత్రం ఏడు గేర్లున్నది తీసుకోండి. 21 గేర్లంటే ముందు మూడు, వెనక ఏడు. వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి, తేడా తెలియదు. సెట్టింగు తలనొప్పి మాత్రం తెలుస్తుంది.

అయిదోది, నేను రెండోసారి మర్చిపోయింది – మోత. రెండు మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియర్, గట్టి స్టాండు. ఇవి కంపెనీ నుంచే ఉంటే మంచిది. లేకపోతే, బిగించుకోవడానికి వెనక ఇరుసు దగ్గర బోల్టు రంధ్రాలున్నాయో లేదో వంగి చూడండి. అవి లేని ఫ్రేముకు తర్వాత ఏది బిగించినా ఊగుతుంది. ముందు బుట్టలో మూడు నాలుగు కిలోలు మించితే హ్యాండిల్ పక్కకు లాగుతుంది, బరువు వెనకే వేయండి. కొత్తరకం తేలిక క్యారియర్ల మీద ఎన్ని కిలోలో ముద్ర ఉంటుంది, చాలావాటికి 25. నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 దాకా తూగుతుంది. కాబట్టి అది ఆ క్యారియర్ పని కాదు.

పిల్లల విషయం చెప్పి తీరాలి. క్యారియర్ మీద కూర్చున్న పిల్లల పాదం చువ్వల్లో పడి నలిగిన సంఘటనలు క్వార్టర్స్‌లో ఎన్నో చూశాను. పిల్లల్ని కూర్చోబెట్టేట్లయితే చువ్వలకు అడ్డంగా గార్డు, పాదాలకు ఫుట్‌రెస్టులు, వీపుకు ఆనుడు ఉన్న సీటు తప్పనిసరి. చీరకొంగు, చున్నీ చక్రంలో పడకుండా కూడా ఆ గార్డే కాపాడుతుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు, గంట – వీటికి బేరం ఆడకండి.

కొన్నాక షాపు దగ్గరే పది నిమిషాలు తొక్కి చూడండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పితే అది జారకూడదు. పెడళ్లు రెండూ బిగించి ఉన్నాయా చూడండి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది, మామూలు పద్ధతిలో బిగించబోతే ఊడుతుంది. ఇది తెలియక మర పాడుచేసినవాళ్లు నా వర్క్‌షాపులోనే ఉన్నారు. ట్యూబు వాల్వు పాత సైకిల్ రకమా, స్కూటర్ రకమా చూసుకుని, దానికి సరిపడే చేతిపంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. వారానికోసారి గాలి, నెలకోసారి చైనుకు తుడిచి నూనె. అంతకు మించి అది మిమ్మల్ని అడిగేదేమీ లేదు.

ఇవన్నీ మర్నాడు మా అమ్మాయికి ఫోన్లో చెప్పబోయాను. మా ఆవిడ ఫోన్ లాక్కుని, “అవన్నీ తర్వాతమ్మా. ముందు ఒక కాగితం తీసుకుని నువ్వు వారంలో ఎక్కడెక్కడికి వెళ్తావో రాసుకో. షాపుకు నువ్వే వెళ్లు, ఆయన సెలవులో వచ్చినప్పుడు కొంటారులే అని ఆగకు” అంది.

అమ్మాయి ఆగలేదు. అడ్డకడ్డీ లేనిది, గేర్లు లేనిది, పిల్లాడి సీటున్నది తీసుకుంది. పోయిన నెల ఒక ఫోటో పంపింది. సైకిల్ వరండాలో లేదు. స్కూలు గేటు ముందు ఉంది, వెనక సీట్లో మా మనవడు ఉన్నాడు.

తమ్ముళ్లూ, మీలో ఫీల్డ్‌కు వెళ్లబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వెళ్లే ముందు ఇంట్లో ఏ బండి ఉందో కాదు, మీరు లేనప్పుడు దాన్ని ఎవరు తొక్కగలరో చూసుకుని వెళ్లండి. సైకిల్ చూపించుకోవాలనుకున్నవాళ్లు భోజనాలయ్యాక రండి, పానా నా సంచిలోనే ఉంది.

జై హింద్.