ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం

సి.బెళగల్ మండలం అంచున పారే తుంగభద్ర వెంట కిందికి వెళితే కర్నూలు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు అది ఆంధ్ర రాష్ట్ర రాజధాని. తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

ఆయన ప్రభుత్వం కూలింది మద్యనిషేధం మీద. అది గాంధీజీ ఆశయం, కాంగ్రెస్ వ్రతం. చట్టం కాగితం మీద ఉంటే, ఊళ్లలో నాటుసారా కాగుతూనే ఉంది. గీత కార్మికులకేమో పొట్ట మీద దెబ్బ. వాళ్ల పక్షాన గౌతు లచ్చన్న నిలబడ్డారు. ప్రభుత్వమే వేసిన ఎస్.వి.రామమూర్తి కమిటీ కూడా నిషేధం ఎత్తేయమంది. సర్కారు ఒప్పుకోలేదు. 1954 నవంబరులో, కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. పంతులుగారి పదవి పోయింది.

మద్యనిషేధం మీద పట్టు విడవకపోయినా, ఆయనేమీ పట్టువిడుపులు తెలియని మనిషి కాదండోయ్! 1952లో మద్రాసులో కమ్యూనిస్టులతో చేతులు కలిపారు. మరుసటి ఏడు కాంగ్రెస్ అండతో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కమ్యూనిస్టులే చివరికి ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు.

మద్యనిషేధం మీద పట్టు సడలించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో డెమోక్రాట్లు 1924లో దీని మీదే చీలిపోయారు. 1932లో రద్దు చేస్తామని చెప్పి గెలిచారు. 1933లో నిషేధం పోయింది.

సొంత కమిటీ మాటను పెడచెవిన పెట్టడమే ప్రకాశం ప్రభుత్వం చేసిన తప్పని నా అభిప్రాయం.