మన కోహీర్‌కి జెండా ఉంటే దాని మీద ఏం పెడదాం?

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ గొడవతో మొదలైంది. మా కోహీర్ కొత్తగా మున్సిపాలిటీ అయింది కదా, ఊరి దోస్తుల గ్రూపులో ఒకడు, "నువ్వు సాఫ్ట్‌వేర్ చేసినోడివి, ఊరికి ఒక లోగో చెయ్యి" అన్నాడు. సాఫ్ట్‌వేర్ చేసినోడికి బొమ్మలు కూడా వస్తాయని మనోళ్ల నమ్మకం. సరే, ఒక రాత్రి కూర్చుని చేసేశా. ఎర్ర నేల, మధ్యలో పచ్చటి జామకాయ. కోహీర్ అంటే జామే కదా. జహీరాబాద్ రోడ్డు మీద గంపలు పెట్టి "కోహీర్ కే జాం" అని అరుస్తుంటే కారు ఆపని వాళ్లు తక్కువ.

పోస్ట్ చేశా. రెండు నిమిషాల్లో మొదటి కామెంట్: "కాయ ఎక్కడుంది భాయ్? కనిపిస్తలేదు."

నిజమే. ఎరుపు మీద ఆకుపచ్చ ఫోన్ స్క్రీన్ మీద కలిసిపోయింది. ఎందుకో చూద్దామని వెతుకుతూ స్పెయిన్ దాకా వెళ్లిపోయా. అక్కడ ఎనిమిది వేలకు పైగా మున్సిపాలిటీలు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఊళ్లలో వెయ్యి మంది కూడా ఉండరు. అయినా చాలా వాటికి సొంత జెండా, సొంత చిహ్నం ఉంటాయి. ఎవడో రాత్రికి రాత్రి గీసేయడం కుదరదు. కౌన్సిల్ తీర్మానం చేయాలి, చరిత్ర తెలిసినవాళ్లు నివేదిక ఇవ్వాలి, పై ప్రభుత్వం ఒప్పుకోవాలి, గెజిట్‌లో రావాలి.

ఈ చిహ్నాల పద్ధతి యూరప్‌లో 12వ శతాబ్దంలో మొదలైంది. యుద్ధంలో ఇనుప టోపీ పెట్టుకుంటే మొహం కనిపించదు, అందుకే డాలు మీద బొమ్మ. దూరం నుంచి, దుమ్ములో గుర్తుపట్టాలి. కాబట్టి ఒక రూల్ పెట్టుకున్నారు: బంగారం, వెండి ఒక గుంపు, అంటే పసుపు, తెలుపు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ ఇంకో గుంపు. ఒక గుంపు రంగు మీద అదే గుంపు రంగు పెట్టకూడదు. మేము యాప్ ఐకాన్ చేసేటప్పుడు కాంట్రాస్ట్ చెక్ అని పెద్ద టూల్స్ వాడేవాళ్లం. వీళ్లు గుర్రం మీద కూర్చుని కనిపెట్టారు.

ఇంకో ముచ్చట. స్పానిష్‌లో గ్రనాదా అంటే దానిమ్మ. ఆ పేరున్న నగరం చిహ్నంలో దానిమ్మ ఉంటుంది. స్పెయిన్ దేశ చిహ్నంలోనూ కింద చిన్న దానిమ్మ ఉంటుంది. పండు పెడితే చిన్నతనమని మా గ్రూపులో అన్నవాళ్ల కోసం ఇది చెప్తున్నా.

సో, కాయని పండు చేసేశా. ఎరుపు మీద పసుపు. అదిరింది! అప్పుడు ఇంకొకడు రాశాడు: "ఇది కుల్చాలెక్క ఉంది."

అక్కడ మొదలైంది అసలు గొడవ. తెలియనివాళ్ల కోసం: హైదరాబాద్ సంస్థానం జెండా పసుపు రంగు, మధ్యలో తెల్లటి గుండ్రం. ఆ గుండ్రం కుల్చా రొట్టె అంటారు. 1724లో దక్కన్‌లో స్వతంత్రంగా నిలబడ్డ మొదటి నిజాంకి అంతకుముందు ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టాడట, ఆయన ఏడు తిన్నాడట, ఏడు తరాలు ఏలుతారని గురువు చెప్పాడట. ఇది కథ. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌తో 1948లో పాలన ముగిసింది కాబట్టి కథ భలే కుదిరింది అంటారు. కానీ 1748 నుంచి 1762 దాకా నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ముగ్గురూ గద్దె మీద కూర్చున్నారు. వాళ్లని లెక్కలోకి తీసుకోకపోతేనే ఏడు. డేటా క్లీనింగ్ అన్నమాట!

గ్రూపులో ఇది నవ్వులాటగా పోలేదు. ఒకరికి అది తాతల కాలపు దర్బారు గుర్తు. ఇంకొకరికి, 1947 ఆగస్టు 15న మూడు రంగుల జెండా ఎగరేయాలనుకున్న స్వామి రామానంద తీర్థను అరెస్టు చేసిన రాజ్యం గుర్తు. అదే పసుపు, అదే గుండ్రం. నేను గీసింది జామపండు మహాప్రభో!

మధ్యలో ఒకడు "పైన మూడు సింహాలు పెట్టు, పంచాయితీ ఉండదు" అన్నాడు. వద్దు నాయనా. జాతీయ చిహ్నం ఎవరు పడితే వాళ్లు వాడకూడదని 2005లో చట్టమే వచ్చింది, జైలు శిక్ష కూడా ఉంది.

రాష్ట్రం లెవెల్లోనే తేలలేదు ఇది. 2014లో ఏలే లక్ష్మణ్ గారు గీసిన తెలంగాణ చిహ్నంలో కాకతీయ తోరణం, దాని మధ్యలో చార్మినార్ ఉన్నాయి. 2024లో కొత్త ప్రభుత్వం మార్చాలనుకుంది, రాచరికపు గుర్తులు ఎందుకని. పెద్ద రచ్చ అయింది, జూన్ 2న ఆవిష్కరణ ఆగిపోయింది. నాకైతే రెండు వైపులా పాయింట్ ఉందనిపించింది. కానీ ఒకటి అడగాలి: ఎవరి గుర్తూ వద్దనుకుంటే ఇక మిగిలేది ఏంటి? ఖాళీ గుండ్రం?

మళ్లీ నా ఫైల్ దగ్గరికి వస్తా. వెర్షన్ నాలుగు ప్రింట్ తీసి ఇంటికెళ్లా. అమ్మకి చూపించా. చాలాసేపు చూసింది.

"అమ్ముకున్న తోట బొమ్మ గీసి ఏం చేస్తవ్ రా?"

మాకు ఎకరంన్నర జామతోట ఉండేది. నా బీటెక్ రెండో ఏడు ఫీజు అప్పుడు అమ్మేశారు. నాకు తెలుసు, కానీ బొమ్మ గీస్తున్న నాలుగు రోజులూ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఊరి గుర్తు అని గీశా, మా ఇంటి లెక్క మాత్రం మర్చిపోయా. ఏం చెప్పాలో తోచలేదు. తీసేస్తా అన్నా.

"తీసుడెందుకు? ఉండనీ. కొమ్మతోని గీయి. ఉత్త పండు పెడితే అంగట్ల కొనుక్కొచ్చినట్టుంది."

తర్వాత చెక్ చేశా. స్పెయిన్ చిహ్నంలో ఆ దానిమ్మకి కాడ, రెండు ఆకులు ఉంటాయని చట్టంలోనే రాసి ఉంది. అమ్మకి చెప్తే, "మరి చెట్టుకి కాసేదే కదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెర్షన్ ఐదులో కొమ్మ, రెండు ఆకులు ఉన్నాయి. ఆకులు ఎరుపు మీద ఆకుపచ్చ కాబట్టి వాటి చుట్టూ సన్నగా తెల్ల గీత గీశా, రూల్ కోసం. గ్రూపులో ఇంకా పెట్టలేదు, ముందు మీకే చూపిస్తున్నా, స్క్రీన్ మీద ఉంది చూడండి. మీ ఊరికైతే ఏం పెడతారో కామెంట్లో రాయండి, కానీ ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడిగి రాయండి. వచ్చే వారం కలుద్దాం, ఉంటా.