ఆకలియు నొడంబడికయు



“ఇష్టమున్నవాడు పనిచేయును, లేనివాడు మానుకొనును; ఇందు బలాత్కార మెక్కడిది?” అని ధనికులు తరచుగా ననుచుందురు. వినుట కిది న్యాయముగనే యుండును. దీని నిగ్గు తేల్చుటకు 1982లో ఢిల్లీనగరమున నడచిన యొక వ్యవహారమును మీ యెదుట నుంచెదము.

ఆ యేటి ఆసియా క్రీడలకై అచ్చట క్రీడాంగణములు, వంతెనలు కట్టబడుచుండెను. రాజస్థానము, ఉత్తరప్రదేశము, ఒరిస్సా మొదలగు సీమలనుండి జమాదారులు కూలీలను తెచ్చిరి. మనవైపు గుంపుమేస్త్రి యెట్టివాడో అచ్చట జమాదా రట్టివాడు. దినమునకు కనీస వేతనము 9 రూపాయల 25 పైసలు. అందొక రూపాయిని జమాదారు తన కమీషనుగా విరుచుకొని, మిగిలినది కూలివాని చేతిలో పెట్టుచుండెను. రూపాయియే గదా యందురేమో! ఎనిమిది దినములు కష్టించినవానికి రమారమి యొకనాటి కూలి పోయినట్లే.

వ్యాజ్యము సుప్రీంకోర్టున కెక్కెను. రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించినది. కూలి యిచ్చి చేయించుకొన్న పని వెట్టి యెట్లగునని ప్రతివాదము. న్యాయమూర్తి భగవతిగారి తీర్పు మిక్కిలి గమనింపదగినది. కొరడా యొక్కటే బలము కాదు. వేరుదారి లేకుండ జేయు దారిద్ర్యమును బలమే. కనీస వేతనమునకు తక్కువకు పనిచేయువాడు అట్టి నిర్బంధమునకు లోబడియే చేయుచున్నాడని భావింపవలెను గనుక, అదియు బలవంతపు చాకిరియే. 1983లో రాజస్థానపు కరవు పనుల విషయమునను ఆ న్యాయస్థాన మిట్లే నిర్ణయించెను. కరవు సాయమను పేర కూలి తగ్గించుటకు ప్రభుత్వమునకు సయితము హక్కు లేదనెను.

నైజాము రాజ్యమున దొర వెట్టికి పిలిచినపుడు ఒడంబడిక ప్రసక్తియే లేదు. అది కంటికి కనబడు దౌర్జన్యము. పాలమూరి కూలివాడు మేస్త్రియొద్ద ముందుగా సొమ్ము తీసికొని దూరదేశపు ఆనకట్టపనికి పోయినపుడు మాత్రము వ్రేలిముద్ర యుండెను. ఆ ముద్రను జూపి “ఇది వాని స్వేచ్ఛ” యనుట సులభము. ముద్ర వేసిననా డింట గింజలున్నవాయని యెవ్వరు నడుగరు. అట్టి వెట్టి బాకీలను 1976 నాటి చట్టము రద్దుచేసినది. కాని ఆ సంగతి బాకీదారునికి తెలియవలెను గదా!

ఈ పఠనమందిర కార్యదర్శిగారి కొక విన్నపము. ప్రభుత్వము నిర్ణయించు కనీస వేతనముల పట్టికను తెనుగున పెద్ద యక్షరములతో వ్రాయించి, లోపల గాక, కూలీలు నిలుచు వీధివైపు గోడపై నంటింపుడు. చదువనేర్చిన మీలో నొకరు ప్రతి యుదయము దానిని చదివి వినిపింపుడు.