అండలూసియాలో ఒంటరిగా, తాపీగా

దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాకు ఒంటరిగా వెళ్లేవారు హడావుడి పడకూడదు. మధ్యాహ్నం రెండు దాటితే చిన్న ఊళ్లలో కొట్లు చాలావరకు మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. ఎండ అలాంటిది మరి!

కార్డోబా పెద్ద మసీదుకు పొద్దున్నే వెళ్లాలి. 785 ప్రాంతంలో మొదలైన కట్టడం. ఎరుపు, తెలుపు చారల కమానుల కింద నడుస్తూ పోతే నడిమధ్యలో ఉన్నట్టుండి చర్చి ఎదురవుతుంది. 16వ శతాబ్దంలో కొన్ని స్తంభాలు తీసేసి దాన్ని లేపారు. నన్నడిగితే ఆ అతుకు చూడటానికైనా వెళ్లాలి.

రోండాలో 1793లో పూర్తయిన వంతెన మీంచి చూస్తే కింద దాదాపు వంద మీటర్ల లోతున లోయ. గ్రనడాలో అల్‌హంబ్రా కోటకు టికెట్ ముందే కొనుక్కోవాలి. సాయంత్రం ఊళ్లోని చాలా బార్లలో తాగడానికి ఏదైనా అడిగితే, చిన్న ప్లేటులో తినడానికేదో ఉచితంగా పెడతారు. శాకాహారులు మాత్రం ముందే చెప్పాలి, లేదంటే పంది మాంసం రావచ్చు.