మూడో చీటీ రాసేముందు

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు. ఇక అసలు సంగతికి వస్తాను.

ఇంటస్ససెప్షన్, అంటే పేగులోకి పేగు దూరడం, అనగానే ఏడాదిలోపు పసివాడు, ఉండుండి ఏడుపు, వాంతులు, రక్తం జిగట విరేచనం అని పరీక్షలో గడగడా రాసేశారు. మరి ఎనిమిదేళ్ల పిల్లవాడిలో?

పిల్లల సర్జన్‌గా నేను మరచిపోలేని బాబు ఒకడు ములుగు వైపు నుంచి వచ్చాడు. నెల దాటిన కడుపునొప్పి. "గడియసేపు ముడుసుకుంటడు సార్, మల్ల ఆడుకుంటడు" అంది తల్లి. అప్పటికే రెండు మూడు చోట్ల నులిపురుగుల మందు రాశారు. ఒకచోట బడి ఎగ్గొట్టే వేషాలన్నారు. బాబు చిక్కిపోయాడు, రక్తవిరేచనం మాత్రం లేదు. నొప్పి లేనప్పుడు తీసిన స్కానింగ్‌లో ఏమీ దొరకలేదు. నొప్పి వచ్చినప్పుడు తీయిస్తే వలయంలో వలయం, అంటే పేగులో పేగు, స్పష్టంగా కనిపించింది.

ఇంటస్ససెప్షన్ 14 రోజులు దాటి సాగితే దీర్ఘకాలికం అంటాం. పేగు పూర్తిగా మూసుకుపోదు, రక్తప్రసారం వెంటనే ఆగదు. అందుకే బిడ్డ నడుచుకుంటూ ఓపీకి వస్తాడు, డాక్టరు మోసపోతాడు. పెద్ద పిల్లల్లో మూలం వెతకాలి: మెకెల్స్ డైవర్టిక్యులం, పాలిప్, లింఫోమా. పెదవుల మీద నల్లమచ్చలుంటే ప్యూట్జ్-జెగర్స్ గుర్తుకు రావాలి. పసిపిల్లల్లో గాలితోనో సెలైన్‌తోనో ఎనిమా ఇచ్చి చాలాసార్లు సరిచేస్తాం. పెద్ద పిల్లల్లో అలా విడిపోయినా మూలం లోపలే ఉంటుంది, పేగు మళ్లీ దూరుతుంది. కాబట్టి ఆపరేషన్. అక్కడ పేగును పట్టి లాగకండి, కింది చివర నుంచి మెల్లగా నొక్కుతూ వెనక్కి నెట్టండి. తీసిన ముక్కను తప్పకుండా బయాప్సీకి పంపండి. మా ములుగు బాబుకు తేలింది పాలిప్. తీసేశాక ఆ నొప్పి మళ్లీ రాలేదు.

నాకు కోపం తెప్పించేది ఒక్కటే, కడుపు మీద చెయ్యి వెయ్యకుండా చీటీ రాసే అలవాటు. చొక్కా పైకెత్తించడానికి ఎంతసేపు పడుతుంది నాయనా? ఓపీలో వందమంది ఉన్నారంటారు. ఉంటారు, నేనూ చూశాను. అయినా చెయ్యి వెయ్యాల్సిందే! బడుల్లో ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ మింగిస్తూనే ఉన్నాం కదా, మళ్లీ అదే మాత్రా? పడుకోబెట్టండి, మోకాళ్లు మడిపించండి, గడ్డ తగులుతుందేమో ఓపిగ్గా వెతకండి. బరువు తూచండి. నొప్పి వచ్చేదాకా కూర్చోబెట్టి మళ్లీ చూడండి. ఆ నొప్పిని కళ్లారా చూసింది తల్లి, ఆమె చెప్పేది మధ్యలో ఆపకండి.

రేపు మీలో కొందరు ఏటూరునాగారం, మంగపేట వైపు పోస్టింగుల్లో ఉంటారు. వారాల తరబడి వచ్చిపోయే నొప్పితో, తగ్గుతున్న బరువుతో బిడ్డ కనబడితే, ఆ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపండి.